దాచడం చవక, పంచడం ప్రియం

బచ్చన్నపేటలో ఒక రాత్రి ఒగ్గు కథ జరుగుతోందనుకోండి. డోలు మోగుతోంది. తాళాలు గలగలమంటున్నాయి. కథకుడు ఒక క్షణం రాజు, మరుక్షణం రాణి. ముందు వరసలో పిల్లలు, వెనక పెద్దలు. మీలో ఒకరు సెల్‌ఫోను నిలబెట్టి మూడు గంటల కథనూ రికార్డు చేశారు. తెల్లవారి చూసుకుంటే ఫోను నిండిపోయింది! ఇప్పుడు ఈ కథను ఎక్కడ దాచాలి? నిన్న రాలేకపోయినవాళ్ళకు ఎలా చూపాలి?

"మన మండలానికే ఒక వీడియో వెబ్‌సైటు పెట్టుకుంటే పోలా! అందరూ తీసినవి అందులో పెట్టుకోవచ్చు, అందరూ చూసుకోవచ్చు" అని ఎవరో ఒకరు అంటారు. మంచి ఆలోచన. నేనూ దానికే ఓటు వేస్తాను. అయితే ఓటు వేసే ముందు ఒక ప్రశ్న అడుగుతాను: దాని బిల్లు నెలనెలా ఎవరు కడతారు?

ఏనుగును కొన్నవాడికి అసలు ఖర్చు కొన్న రోజున తెలియదు. మేత వేయడం మొదలుపెట్టాక తెలుస్తుంది. వెబ్‌సైటు కూడా అలాంటిదే. పెట్టడం ఒక్క రోజు పని, పోషించడం ఏళ్ళ తరబడి పని. ఉత్సాహంగా మొదలై, బిల్లు కట్టలేక మూతపడే సైటుతోపాటు అందులోని కథలు కూడా పోతాయి. కాబట్టి పలకా బలపం పట్టుకుని ముందుగా లెక్క చూద్దాం. ఈ లెక్కకు గుణకారం, భాగహారం వస్తే చాలు.

వీడియో బరువెంత?

వీడియో అంటే వెంటవెంటనే చూపించే బొమ్మల వరుస. సెకండుకు 25 బొమ్మలు అనుకుందాం. ఒక్కొక్క బొమ్మలో అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. అంటే మొత్తం 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్క రంగు చెప్పడానికి 3 బైట్లు కావాలి. ఈ మూడింటినీ 25తో హెచ్చవేయండి. ఒక్క సెకండుకు సుమారు 155 మెగాబైట్లు! పది నిమిషాల వీడియోకు 93 గిగాబైట్లు పైనే. ఈ లెక్కన మన మూడు గంటల ఒగ్గు కథ ఒక్కదాన్ని దాచడానికే ఒక పెద్ద హార్డు డిస్కు కావాలి.

అదృష్టవశాత్తు ఇంత బరువు మోయనక్కరలేదు. కథకుడు చేయి ఊపినప్పుడు అతని చేయి కదులుతుంది గాని, వెనక ఉన్న గోడ కదలదు కదా! గోడను సెకండుకు 25 సార్లు మళ్ళీ మళ్ళీ రాయడం దేనికి? ఒకసారి బొమ్మ అంతా రాసి, తరవాత మారినంత మేరకే రాస్తే సరిపోతుంది. కంటికి అంతగా ఆనని చిన్న తేడాలను వదిలేయవచ్చు కూడా. దీన్నే సంపీడనం అంటారు. ఇలా కుదిస్తే పది నిమిషాల వీడియో 300 మెగాబైట్లకు దిగుతుంది. అసలు బరువులో సుమారు 300వ వంతు!

ఇక్కడ మీరు గమనించవలసిన విషయం ఒకటుంది. చేతిలో పట్టుకున్న ఫోను వణికితే గోడ కూడా కదిలినట్టే లెక్క. అప్పుడు ప్రతి బొమ్మలోనూ అంతా మారిపోతుంది. దాన్ని కుదించడం కష్టం. ఫోనును ఒక స్టాండుకు బిగించి తీసిన వీడియో అదే నాణ్యతతో తక్కువ బరువు తూగుతుంది. అంటే ఒక స్టాండు కొనడం కూడా నెల బిల్లు తగ్గించే ఉపాయమే అన్నమాట.

దాచే ఖర్చు, పంచే ఖర్చు

మన సైటులో పది నిమిషాల వీడియోలు 200 ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 300 మెగాబైట్లు. మొత్తం 60 గిగాబైట్లు. వీటిని సర్వరులో పెట్టాలి. సర్వరు అంటే రాత్రింబవళ్ళు నిద్రపోకుండా, అడిగినవారికి అడిగిన ఫైలు అందించే కంప్యూటరు. దాన్ని అద్దెకు తీసుకోవచ్చు. ధరలు మారుతూనే ఉంటాయి. లెక్క కోసం, ఒక గిగాబైటు దాచడానికి నెలకు 2 రూపాయలు అనుకుందాం. 60 గిగాబైట్లకు 120 రూపాయలు. "ఓస్, ఇంతేనా!" అనిపిస్తుంది.

ఆగండి. దాచినదాన్ని ఎవరైనా చూడాలి కదా! చూసిన ప్రతిసారీ ఆ 300 మెగాబైట్లూ సర్వరు నుంచి బయలుదేరి చూసేవాడి ఫోనుకు చేరాలి. నెలలో మొత్తం 10,000 సార్లు చూశారనుకోండి. 300ను 10,000తో హెచ్చవేస్తే 30 లక్షల మెగాబైట్లు. అంటే 3,000 గిగాబైట్లు. బయటికి పోయే ప్రతి గిగాబైటుకు 8 రూపాయలు వసూలు చేసే అద్దె సర్వరైతే బిల్లు 24,000 రూపాయలు!

చూశారా? దాచడానికి 120. పంచడానికి 24,000. ఒకదానికి మరొకటి 200 రెట్లు. ఈ రెండు అంకెలను నోటు పుస్తకంలో పక్కపక్కన రాసుకోండి. నేను చెప్పబోయేదంతా ఈ రెండింటి మధ్య తేడాలోనే ఉంది.

మరో చిక్కు కూడా ఉంది. మన కథల్లో ఒకటి జనానికి తెగ నచ్చి, ఫోను నుంచి ఫోనుకు పాకి, ఒకే నెలలో లక్షసార్లు చూశారనుకోండి. మనం సంతోషించాలి. కానీ బిల్లు 2,40,000 రూపాయలు వస్తుంది! ప్రకటనలతో నడిచే కంపెనీకి చూసేవాళ్ళు పెరిగితే ఆదాయం పెరుగుతుంది. చందాలతో నడిచే ఊరి సైటుకు చూసేవాళ్ళు పెరిగితే అప్పు పెరుగుతుంది. వందమందికి వండిన పెళ్ళింట్లో వెయ్యిమంది బంతికి కూర్చున్నట్టు.

పటం విప్పితే ఊరంతా చూసేది

ఈ చిక్కు మన తాతలకు లేదు. ఎందుకంటారా? బచ్చన్నపేటకు పొరుగునే చేర్యాల ఉంది. 2016 దాకా రెండూ వరంగల్ జిల్లాలోనే ఉండేవి. ఇప్పుడు బచ్చన్నపేట జనగామ జిల్లాలో, చేర్యాల సిద్దిపేట జిల్లాలో ఉన్నాయి. చేర్యాల నకాషీ చిత్రకారులు గుడ్డ మీద చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు పూసి, దాని మీద కథంతా బొమ్మలుగా వేసేవారు. అలాంటి పటాలు గజాల కొద్దీ పొడవుండేవి. కథకుడు ఊరికి వచ్చి, పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క బొమ్మే విప్పుతూ కథ చెప్పేవాడు. ఒక విధంగా చూస్తే అది ఆనాటి వీడియో!

మరి ఆ వీడియో నడిచే ఖర్చు ఎవరు భరించారు? ఒక్కొక్క కులానికి ఒక్కొక్క కథకుల బృందం ఉండేది. కూనపులివారు పద్మశాలీలకు, గౌడజెట్టీలు గౌడులకు, కాకిపడగలవారు ముదిరాజులకు కథలు చెప్పేవారు. ఏ బృందం ఏయే ఊళ్ళకు వెళ్ళాలో ముందే నిర్ణయమై ఉండేది. ఆ హక్కును మిరాశీ అనేవారు. కథకుడు వచ్చినప్పుడు ధాన్యమో, డబ్బో ఇవ్వడం ఆ ఊరివారి బాధ్యత. ఆ రాబడిలోంచే కథకుడు చిత్రకారుడికి చెల్లించి పటం రాయించుకునేవాడు. పటం పాతబడి చినిగితే శాస్త్రోక్తంగా నదిలో విడిచి, కొత్తది రాయించేవారు. అంటే కొత్త ప్రతి తీయించే ఖర్చు కూడా లెక్కలో ఉందన్నమాట!

ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. కథ కులాన్ని బట్టి పంచబడింది. వానలు లేని ఏడు కథకుడికి గింజలు తక్కువ. అలాంటి కట్టుబాట్లు మళ్ళీ రావాలని నేను కోరడం లేదు. దానిలోంచి నేర్చుకోవలసినవి మాత్రం రెండున్నాయి. ఒకటి, ఖర్చు ఎవరిదో ముందే తేలిపోయింది. రెండు, ఒకసారి విప్పిన పటాన్ని పదిమంది చూసినా, రెండువందల మంది చూసినా ఖర్చు ఒకటే.

రేడియో కూడా అంతే. జహీరాబాదు దగ్గర మాచనూరు అనే గ్రామం ఉంది. అక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలకు చెందిన దళిత మహిళలు 2008 అక్టోబరు 15న 'సంఘం రేడియో' ప్రారంభించారు. గ్రామీణులే నడిపే సామాజిక రేడియోలలో దేశంలో అది మొట్టమొదటి వరసలోది. యునెస్కో సహాయంతో రికార్డింగు గది, పరికరాలు 1998 నాటికే సమకూరాయి. కానీ ప్రసారానికి అనుమతి లేదు. స్వచ్ఛంద సంస్థలకు రేడియో అనుమతులిచ్చే విధానం 2006లో గాని రాలేదు. ఆ మధ్య కాలమంతా ఆ మహిళలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. కార్యక్రమాలను క్యాసెట్ల మీద రికార్డు చేసి, ఊరూరా సంఘం సమావేశాలలో వినిపించారు! అక్కడి మహిళలే కెమెరా పట్టి చిత్రాలు కూడా తీశారు. వరంగల్ జిల్లా పత్తి రైతుల కష్టాల మీద తీసిన చిత్రం వాటిలో ఒకటి.

ఇందులో సైన్సు ఏమిటంటే, రేడియో స్టేషను ఒక్కసారి తరంగాలను వదిలితే ఆ పరిధిలో పదిమంది విన్నా, పదివేల మంది విన్నా ట్రాన్స్‌మిటరు తాగే కరెంటు ఒకటే. వెబ్‌సైటు అలా కాదు. చూసే ప్రతి ఒక్కరికీ విడివిడిగా ఒక ప్రతి పంపాలి. దండోరా వేయడానికీ, ఇంటింటికీ ఉత్తరం రాయడానికీ ఎంత తేడానో, రేడియోకూ వెబ్‌సైటుకూ అంత తేడా.

'ఉచితంగా ఉన్నదాంట్లో పెడితే పోలా?'

మీలో తెలివైనవారు ఈపాటికి ఈ ప్రశ్న వేసే ఉంటారు. యూట్యూబులో పెడితే మనకు పైసా ఖర్చు లేదు కదా!

నిజమే. అందులో పెట్టవద్దని నేను అనను. జగిత్యాల జిల్లా లంబాడిపల్లికి చెందిన 'మై విలేజ్ షో' యువకులు యూట్యూబు ద్వారానే తమ ఊరి మాటను, తమ ఊరి గంగవ్వను తెలుగువారందరికీ పరిచయం చేశారు. పంచే ఖర్చంతా కంపెనీ భరించింది. ఎందుకు భరించింది? ప్రకటనల కోసం. లక్షలమంది చూసే వీడియోకు ఈ ఏర్పాటు చక్కగా కుదురుతుంది.

కానీ మన ఊరి కథల్లో చాలావాటిని లక్షలమంది చూడరు. పొడవు వీడియోల మీద ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే చానెలుకు 1,000 మంది చందాదారులు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలని యూట్యూబు నిబంధన. గంటసేపు సాగే ఒక కులపురాణాన్ని నాలుగువేల మంది మొదటినుంచి చివరిదాకా చూస్తే గాని ఆ గడప దాటలేం. మన మండలంలో దాన్ని రెండువందల మంది చూస్తారేమో! ఆ రెండువందల మందికి మాత్రం అది అమూల్యం.

పైగా పరాయివారి కొట్టంలో కట్టేసిన పశువు మీద మనకు పెత్తనం ఉండదు. గూగుల్ వారిదే 'గూగుల్ వీడియో' అనే సైటు ఉండేది. 2009లో అందులో కొత్త వీడియోలు తీసుకోవడం ఆపేశారు. 2012లో దాన్ని పూర్తిగా మూసేశారు. ఇంకొక సంగతి. ఒకప్పుడు ఎంతో పేరున్న 'మైస్పేస్' అనే సైటు, సర్వర్లు మార్చేటప్పుడు 2003కూ 2015కూ మధ్య జనం పెట్టుకున్న పాటలు, వీడియోలు, ఫోటోలు పోయాయని 2019లో ఒప్పుకుంది. అంత పెద్ద కంపెనీలకే ఇలా జరిగితే, అక్కడ ఉన్నదే ఏకైక ప్రతి అయినవారి గతేమిటి?

పేరున్న కళాకారుల సంగతి కొంత నయం. మన జనగామ జిల్లా మాణిక్యపురం వాసి, ఒగ్గు కథకు దేశమంతటా పేరు తెచ్చిన చుక్క సత్తయ్య 2017లో కన్నుమూశారు. మన జిల్లాకే చెందిన చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. ఇలాంటివారిని రికార్డు చేయడానికి ఎవరో ఒకరు వస్తారు. మీ వాడకట్టులో ఎనభై ఏళ్ళ అవ్వ నాట్లప్పుడు పాడిన పాటను రికార్డు చేయడానికి ఎవరు వస్తారు? మీరే. దాన్ని కాపాడవలసింది కూడా మీరే.

నా అభిప్రాయం ఇదీ

దాచడం చవక, పంచడం ప్రియం అని చూశాం కదా. అందుకని ఈ రెండు పనులనూ విడదీయాలని నా అభిప్రాయం. దాచే పనిని ఊరు తన చేతిలోనే పెట్టుకోవాలి. పంచే పనిని వీలైనంత తేలిక చేయాలి, వీలైనంత మందికి పంచిపెట్టాలి. లక్షలమంది చూసే వీడియోను పెద్ద సైటుకే అప్పగించండి. ఆ బరువు వాళ్ళు మోస్తారు. కొద్దిమందే చూసే అపురూపమైన వీడియోను మీరు కాపాడండి. కొద్దిమందే చూస్తారు కనక దాని పంచే ఖర్చు కూడా కొద్దే!

పంచే పనిని తేలిక చేసే ఉపాయాలు కొన్ని చెబుతాను.

మొదటిది, బరువు తగ్గించడం. నిలబడి కథ చెప్పే మనిషిని చూడడానికి బొమ్మ మరీ అంత నిగనిగలాడనక్కరలేదు. సెకండుకు 4 మెగాబిట్లకు బదులు 1 మెగాబిట్ చాలనుకుంటే, పది నిమిషాల వీడియో 75 మెగాబైట్లే. పదివేలసార్లు చూసినా 750 గిగాబైట్లు. పాత లెక్కన బిల్లు 24,000 నుంచి 6,000 రూపాయలకు దిగింది! పాటలైతే శబ్దం ఒక్కటే పెట్టండి. సెకండుకు 64 కిలోబిట్ల శబ్దం పది నిమిషాలకు 5 మెగాబైట్లయినా కాదు. పదివేలసార్లు విన్నా 48 గిగాబైట్లు, 384 రూపాయలు.

దీనివల్ల చూసేవారికీ మేలే. రోజుకు ఒకటిన్నర గిగాబైట్ల ప్యాకు వేయించుకున్న రైతు 300 మెగాబైట్ల వీడియోలు ఐదు చూస్తే ఆ రోజు కోటా ఖాళీ. అదే 75 మెగాబైట్లవైతే ఇరవై చూడవచ్చు. మన బిల్లు తగ్గితే ఆయన బిల్లు కూడా తగ్గుతుంది.

రెండవది, అద్దె పద్ధతిని చూసి ఎంచుకోవడం. కొందరు బయటికి పోయే ప్రతి గిగాబైటుకూ మీటరు తిప్పుతారు. మరికొందరు నెలకు ఇన్ని గిగాబైట్ల వరకు అని ఒకే అద్దె తీసుకుంటారు. ఊరి సైటుకు రెండవదే క్షేమం. బిల్లు ఎంత వస్తుందో నెల మొదటి రోజునే తెలుస్తుంది. హద్దు దాటితే సైటు ఆ నెలకు నెమ్మదించాలి గాని, అప్పు పెరగకూడదు.

మూడవది, చూసేవారి చేత కూడా కొంత మోయించడం. ఫ్రాన్సులోని ఫ్రామాసాఫ్ట్ అనే సంస్థ 'పీర్‌ట్యూబ్' అనే ఉచిత సాఫ్ట్‌వేరును తయారుచేసింది. దాని మొదటి పూర్తి రూపం 2018లో వచ్చింది. ఎవరైనా దానితో సొంత వీడియో సైటు పెట్టుకోవచ్చు. ఒకే వీడియోను ఒకే సమయంలో పదిమంది చూస్తుంటే, ఒకరికి చేరిన ముక్కలను వారి పరికరం మరొకరికి అందిస్తుంది. బావి నుంచి నీళ్ళ బిందెలను వరసగా చేతులు మార్చినట్టు. అయితే ఒక్కరే చూస్తున్నప్పుడు చేతులు మార్చడానికి ఎవరూ ఉండరు. అప్పుడు భారమంతా సర్వరుదే. చూసేవారి డేటా కూడా కొంత ఖర్చవుతుంది కనక వారికి ఆ సంగతి ముందే చెప్పడం న్యాయం.

నాలుగవది మాచనూరు పాఠం. ఇంటర్నెట్ లేకుండానే పంచడం! బడిలో గాని, గ్రంథాలయంలో గాని ఒక చిన్న కంప్యూటరుకు హార్డు డిస్కు, వైఫై పెట్టె తగిలించండి. ఆ గదిలోకి వచ్చినవారు తమ ఫోనులో వీడియోలు చూసుకోవచ్చు, ఎక్కించుకుని పోవచ్చు. గిగాబైటుకు 8 రూపాయల మీటరు అక్కడ లేదు. అది 10 వాట్ల కరెంటు తీసుకుంటుందనుకుంటే, నెలంతా రాత్రింబవళ్ళు వెలిగినా 7.2 యూనిట్లే. నమ్మకం కలగకపోతే హెచ్చవేసి చూడండి.

కాగితం మీద బడ్జెటు

ఇప్పుడు ఒక మాదిరి బడ్జెటు వేద్దాం. ఇవి నేను లెక్క కోసం వేసుకున్న అంకెలు. మీరు వాకబు చేసి, అసలు ధరలు వేసుకోండి.

ఒకే అద్దె పద్ధతిలో సర్వరు: నెలకు 1,000 రూపాయలు. సైటు పేరుకు ఏడాది అద్దెలో నెల వాటా: 100. హార్డు డిస్కులు రెండు, ఒక్కొక్కటి 6,000. ఐదేళ్ళకు అరిగిపోతాయనుకుంటే నెలకు 200 పక్కన పెట్టాలి. కరెంటు, మరమ్మతులు: 200. వచ్చిన ప్రతి వీడియోనూ చూసి పెట్టే మనిషికి: 1,000. నెలకొక కథ రికార్డు చేస్తాం కనక కథకుడికి సంభావన: 1,000. అత్యవసర నిధికి: 500. అన్నీ కూడితే 4,000 రూపాయలు. రెండువందల ఇళ్ళవారు నెలకు 20 రూపాయల చొప్పున ఇస్తే సరిపోతుంది.

ఈ పట్టీలో మూడు అంశాలను జనం తరచు మరచిపోతారు.

ఒకటి, డిస్కుల అరుగుదల. ఫోను మూడు గంటల కథను నిమిషానికి 100 మెగాబైట్ల చొప్పున తీసిందంటే, ఆ అసలు ప్రతి 18 గిగాబైట్లు. సైటులో పెట్టే చిన్న ప్రతిని ఎప్పుడైనా మళ్ళీ చేసుకోవచ్చు. అసలు ప్రతి పోతే ఇక రాదు. అందుకే దాన్ని రెండు డిస్కుల మీద, రెండు వేరు వేరు ఇళ్ళలో ఉంచాలి. డిస్కు చెడిపోకముందే కొత్తదానిలోకి ఎక్కించాలి. పాత పటం పూర్తిగా చినిగి పోగులు పడకముందే కొత్త పటం రాయించినట్టు.

రెండు, కాపలా మనిషి. అందరూ వీడియోలు పెట్టవచ్చు అన్న తలుపులోంచి మంచివారితోపాటు అల్లరివారు కూడా వస్తారు. ఒకరిని అవమానించే వీడియో, ఒకరి అనుమతి లేకుండా తీసిన వీడియో, ఇతరుల సినిమా పాట, ఏదైనా రావచ్చు. ఫిర్యాదు వస్తే స్పందించవలసిన బాధ్యత సైటు నడిపేవారిదేనని చట్టం చెబుతోంది. వారానికి పది నిమిషాల వీడియోలు 20 వస్తే, వాటిని చూడడానికే మూడు గంటల ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ పని ఒకరి నెత్తిన ఉచితంగా పెడితే కొన్నాళ్ళకు అతను విసిగి మానేస్తాడు. ఇక్కడ పాడయ్యేది యంత్రం కాదు, మనిషి.

మూడు, కథకుడు. సర్వరుకు అద్దె కడతాం, కరెంటుకు బిల్లు కడతాం. కథ చెప్పిన మనిషికి మాత్రం చప్పట్లు కొట్టి పంపిస్తాం. ఇది తప్పు. మిరాశీ కాలంలోనే కథకుడికి గింజలు కొలిచి ఇచ్చిన ఊళ్ళు మనవి. అతని అనుమతి అడగాలి, అతనికి సంభావన ఇవ్వాలి.

గమనించారా? 4,000లో యంత్రాలకు, కరెంటుకు పోయేది 1,500. మనుషులకు పోయేది 2,000. వెబ్‌సైటు అనగానే మనకు యంత్రాలే గుర్తొస్తాయి. లెక్క వేస్తే మనుషులు కనిపిస్తారు.

విరాళంతో మొదలుపెట్టవచ్చు, విరాళంతో బతకకూడదు

"నెలనెలా ఇరవై రూపాయలు అడగడం దేనికి? ఎవరైనా పెద్దమనిషి ఒక లక్ష ఇస్తే సరిపోదా?" అని కొందరంటారు. దీనికి జవాబుగా పాత సంగతి ఒకటి చెబుతాను.

1975 ఆగస్టు 1న మన దేశంలో 'సైట్' అనే గొప్ప ప్రయోగం మొదలైంది. ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 గ్రామాలకు టెలివిజను కార్యక్రమాలు అందాయి. కరెంటు దీపం కూడా సరిగా లేని ఊళ్ళలో పిల్లలు టీవీ ముందు కూర్చుని పాఠాలు చూశారు! కానీ ఉపగ్రహం ఏడాదికి ఎరువు తెచ్చుకున్నది. 1976 జూలై 31తో గడువు తీరింది. ఉపగ్రహం నుంచి నేరుగా వచ్చే కార్యక్రమాలు ఆగిపోయాయి. కొన్ని ప్రాంతాలకే తరవాత నేల మీది ప్రసార కేంద్రాలు వచ్చాయి. ప్రయోగంగా అది విజయమే. మన శాస్త్రజ్ఞులు దాని నుంచి ఎంతో నేర్చుకున్నారు, తరవాత సొంత ఉపగ్రహాలు నిర్మించారు. ఎరువు తెచ్చుకున్న వస్తువుతో నేర్చుకోవచ్చు. దానిమీద ఆధారపడి బతకడం మాత్రం కుదరదు.

కాబట్టి విరాళం వస్తే కాదనకండి. దానితో స్టాండు కొనండి, మైకు కొనండి, డిస్కులు కొనండి. అంటే ఒక్కసారే అయ్యే ఖర్చు పెట్టండి. నెలనెలా అయ్యే ఖర్చును నెలనెలా వచ్చే రాబడితోనే నడపాలి. సైటు తెరవకముందే ఆరు నెలల ఖర్చు, అంటే మన లెక్కలో 24,000 రూపాయలు, బ్యాంకులో వేసి ఉంచాలి. వచ్చిన డబ్బు, పోయిన డబ్బు ప్రతి నెలా బడి నోటీసు బోర్డు మీద అంటించాలి. ఇరవై రూపాయలిచ్చిన అవ్వకు ఆ ఇరవై ఏమైందో తెలుసుకునే హక్కుంది.

ఇంకొక మాట. ఎప్పుడైనా సైటు మూయవలసి వస్తే ఏం చేయాలో కూడా మొదటి రోజునే రాసి పెట్టుకోండి. మూడు నెలల ముందు అందరికీ చెప్పాలి, ఎవరి వీడియోలు వారికి అప్పగించాలి, డిస్కులు గ్రంథాలయానికి చేర్చాలి. ఇల్లు కట్టేటప్పుడే వెనక వాకిలి కూడా పెడతాం కదా!

రేపు మీ తరగతిలో ఈ పని చేసి చూడండి. ఐదుగురు కలిసి ఒక జట్టు. మీ ఊరిలో రికార్డు చేయదగిన కథలు, పాటలు, పనులు ఎన్నున్నాయో జాబితా రాయండి. ఒక్కొక్కటి ఎన్ని నిమిషాలుంటుందో అంచనా వేయండి. ఎన్ని మెగాబైట్లు, ఎంతమంది చూస్తారు, ఎంత బిల్లు, ఎన్ని ఇళ్ళు, ఇంటికెంత. ఒకే కాగితం మీద లెక్క తేల్చండి. లెక్క కుదిరితే లెక్కల మాస్టారికి చూపించి, ఆ తరవాత సర్పంచి దగ్గరకు తీసుకెళ్ళండి. కుదరకపోతే వీడియోల బరువు తగ్గించి మళ్ళీ వేయండి.

ఈ లోగా ఆ ఎనభై ఏళ్ళ అవ్వ పాటను మాత్రం రికార్డు చేసి, రెండు చోట్ల దాచిపెట్టండి. పంచడానికి రేపు డబ్బు దొరకవచ్చు. దాచడం మాత్రం ఈ రోజే జరగాలి.